కొండలయ్య కర్ర

పెడన,
10-8-1946

చిరంజీవి మల్లేశుకి అత్త దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం, పన్నెండు మగ్గాలూ క్షేమం, ఆవు ఈనింది, అదీ క్షేమం. బండి ఒక్కటే క్షేమం కాదు. తపాలా వాళ్ళ సమ్మె తీరింది కాబట్టి ఇన్నాళ్ళ కోపమూ ఈ ఒక్క ఉత్తరంలో రాస్తున్నాను. జబల్పూరులో నీకు పనేదైనా ఉంటే కాస్త పక్కనపెట్టి, కూర్చుని చదువు.

"మిలిటరీ వాళ్ళు పాత బళ్ళు అమ్మేస్తున్నారు అత్తయ్యా, చీరల మూటలు ఇంకెన్నాళ్ళు ఎడ్లబండి మీద తోలిస్తావు, ఆ పికప్పు బండి ఇంజను ఏనుగులాంటిది, కళ్ళు మూసుకుని కొను" అని రాశావు. కళ్ళు మూసుకునే కొన్నాను. తల్లీ తండ్రీ పోయిన నిన్ను అయిదో ఏట నుంచి పెంచినదాన్ని, నీ మాట కాదంటానా? ఇప్పుడు కళ్ళు తెరిచి చూస్తే ఏముందిరా? ఏనుగే. కాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఏనుగు.

ముందు మంచి సంగతులు చెబుతాను. ఆ మిలిటరీ రంగు చూసి వీధిలో పిల్లలు జడుసుకుంటున్నారని, పడవలకి రంగులేసే హనుమయ్యని పిలిచి నీలం రంగు వేయించాను. పైనా కిందా సందులూ గొందులూ ఒక్క అంగుళం వదల్లేదు, మరమేకుల తలలు కూడా నీలమే. పెళ్ళికూతురిలా ఉంది.

డ్రైవరు కొండలయ్యది గిలకలదిండి. వాళ్ళ తాతా తండ్రీ సముద్రం మీద వేటకెళ్ళినవాళ్ళే. ఇతనొక్కడే యుద్ధం రోజుల్లో బస్సు తోలడం నేర్చుకున్నాడు. మనిషి బంగారం. కాని ఒకటే చాదస్తం. స్టీరింగు ఎదురుగా ముళ్ళున్న గుండ్రటి అద్దాలు మూడున్నాయి చూడు, వాటిని చచ్చినా నమ్మడు. అతన్నీ అనలేను. పెట్రోలు ముల్లు ట్యాంకు నింపినా నిండుగానే చూపిస్తుంది, అడుగంటినా నిండుగానే చూపిస్తుంది. ఆయిలు ముల్లు సున్నా మీద చచ్చి పడుంది. మూడోది ఇంజను నీళ్ళ వేడి చూపించేదట. దాని మీద నేను చౌడమ్మ తల్లి పటం అంటించాను కాబట్టి దాని సంగతి తెలియదు.

అందుకని కొండలయ్య ఊరూరా బండి ఆపుతాడు. దిగి, ట్యాంకు మూత తీసి, గాట్లు పెట్టిన వెదురుకర్ర లోపల ముంచి, తీసి, ఎండలో పట్టుకుని చూసి, "ఇంకా జానెడుందండీ" అని మళ్ళీ ఎక్కుతాడు. పడవ మీద గడ వేసి లోతు చూసుకునే అలవాటట. పామర్రులో ముంచుతాడు, ఉయ్యూరులో ముంచుతాడు, కంకిపాడులో ముంచుతాడు. బెజవాడ చేరేసరికి వంటలై భోజనాలై జనం కునుకు తీస్తుంటారు. అది చాలదన్నట్టు, ఊరికీ ఊరికీ మధ్య కాస్త దూరం ఎక్కువైతే ఇంజను దగ్గీ దగ్గీ ఆగిపోతోంది. మొన్న పామర్రు దాటాక ఒకసారి, అంతకు ముందు వారం ఇంకోసారి.

పైగా గవర్నర్‌పేటలో మన చీరలు కొనే సంజీవరావు గారు మూట విప్పి ముక్కు మూసుకున్నాడట. "హనుమాయమ్మ గారూ, ఇవి కట్టుకుని ఆడవాళ్ళు పొయ్యి దగ్గరికెళ్తే కేసు నా మీద పడుద్దండీ" అని కబురు చేశాడు. ట్యాంకు మూటల పక్కనే కదా, చీరలకి పెట్రోలు వాసన పట్టిందిలే. ఆ సంగతి నేను చూసుకున్నాను. అది ఇంజను పని కాదు, నీకు చెప్పేదీ కాదు.

ఇప్పుడు అసలు మాట. నవంబరులో మిలిటరీ వాళ్ళు వదిలేస్తారు, రాగానే బెజవాడలో మోటారు షెడ్డు పెడతానని రాశావు. పెట్టనివ్వను. మన కొట్టుంది, గల్లాపెట్టె ఉంది, వచ్చి నా ఎదురుగా కూర్చో. కాదు, ఇంజన్ల పని నాకు క్షుణ్ణంగా వచ్చు అంటావా, అయితే పందెం. అక్కడ నుంచే, ఉత్తరాలతోనే, ఈ బండిని బాగుచెయ్యి. దసరా చీరలు పెడన నుంచి బెజవాడ దాకా ఇంజను ఒక్కసారి కూడా మొరాయించకుండా చేరాయా, షెడ్డు పెట్టుకో, అడ్డం రాను. మొరాయించిందా, బండి అమ్మేస్తాను, నువ్వు కొట్లో కూర్చుంటావు. చౌడమ్మ తల్లి మీద ఒట్టు.

పుట్టింది పెయ్యదూడ. పేరు నువ్వే పెట్టి రాయి.

ఏనుగుని కొన్న నీ అత్త,
హనుమాయమ్మ


జబల్పూరు,
17-8-1946

గంగాభాగీరథీ సమానురాలూ, ఏనుగు యజమానురాలూ అయిన అత్తయ్యకి మల్లేశు నమస్కారాలు.

నేను కులాసాగానే ఉన్నాను. వాన తెరిపివ్వడం లేదు, రొట్టెలు తినీ తినీ నాలుక చచ్చింది. నువ్వు పంపిన గోంగూర జాడీలో మా గదిలో ఉండే పంజాబీ అతను వేలుపెట్టి నాకి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ వేలుపెట్టాడు. దూడకి గౌరి అని పెట్టు.

పందెం ఒప్పుకున్నాను. ఒప్పుకోక చస్తానా? నేను కొట్లో కూర్చుంటే కొట్టు రెండు నెలల్లో మూతపడుతుంది. చీర మడత పెట్టమంటే చాపలా చుట్టేవాణ్ణని నువ్వే నవ్వేదానివి. ఇంజను అలా కాదత్తయ్యా. చచ్చిపడున్నది నా చేతికింద ఊపిరి పోసుకుని గుడగుడలాడితే ఆ పూట అన్నం లేకపోయినా ఫరవాలేదనిపిస్తుంది. అది నాకు పని కాదు, ప్రాణం. కాబట్టి ఓడిపోవడానికి వీల్లేదు. కాని బండిని ముట్టుకోకుండా చూడకుండా వైద్యం చెయ్యడమంటే, గోషాలో ఉన్న రాణిగారికి తెర ఇవతల కూర్చుని నాడి చూసినట్టుంది.

పెట్రోలు ముల్లు సంగతి ముందు చెబుతాను. దాన్ని పాడు చేసింది మీ హనుమయ్య. ట్యాంకు ఇనుము బండి ఇనుముకి నేరుగా తగులుతూ ఉండాలి, అప్పుడే కరెంటు తిరిగి ముల్లు నిజం చెబుతుంది. అతను సందులన్నిటా నీలం రంగు దట్టించాడు, ఇనుముకీ ఇనుముకీ మధ్య అడ్డం పడింది. ట్యాంకు బిగించిన మరమేకులు రెండు విప్పించి, వాటికింద రంగు మెరిసేదాకా గీకించి, మళ్ళీ బిగించమను. ఆయిలు ముల్లుకి వెళ్ళే సన్నటి రాగి గొట్టం మడ్డితో పూడిపోయి ఉంటుంది, విప్పి ఊదమను. చౌడమ్మ తల్లిని దయచేసి జానెడు పక్కకి జరుపు. నీళ్ళు మరుగుతున్నాయో లేదో ఆవిడకి తెలిసినా మనకి చెప్పదు.

ఇంజను ఆగడానికి నాకు తోచిన కారణం దుమ్ము. పెట్రోలు పంపు కింద గాజుగిన్నె ఉంటుంది, విప్పి కడిగించు. అసలు దుమ్ము ఎందుకు పడదు చెప్పు, నడిరోడ్డు మీద ఊరూరా మూత తీసి వెదురుకర్ర ముంచుతుంటే! ముల్లు బాగుపడగానే ఆ కర్ర కొండలయ్య దగ్గర నుంచి తీసేసుకో. పెట్రోలు పోసేటప్పుడు తప్ప మూత మీద చెయ్యి వెయ్యనివ్వకు. అంతటితో సరి, బండి పరుగెత్తుతుంది.

షెడ్డు కిటికీలకి ఏ రంగు వెయ్యాలో ఆలోచిస్తున్న,
నీ మల్లేశు


పెడన,
30-8-1946

మహామెకానిక్కు మల్లేశ్వరరావు గారికి, పెడన నుంచి వారి మేనత్త దణ్ణాలు పెట్టి రాసేది.

నువ్వు చెప్పినట్టే మరమేకుల కింద రంగు గీకించాను. గీకిన మరుక్షణం పెట్రోలు ముల్లు కదిలింది. వీధి వీధంతా వచ్చి చూసింది. రెండు గ్యాలన్లు పోస్తే రెండు గ్యాలన్ల మేర లేచింది, అబద్ధమాడితే ఒట్టు. రాగిగొట్టం ఊదితే మడ్డి వెళ్ళి కొండలయ్య చొక్కా మీద పడింది, ఆయిలు ముల్లూ లేచి నిలబడింది. గాజుగిన్నె నేనే చింతపండు పెట్టి తోమాను. "నా మేనల్లుడు జబల్పూరులో కూర్చుని ఇక్కడ ముల్లు తిప్పాడు" అని చెప్పుకున్నాను. చెప్పుకున్నానా, ఇక విను.

కర్ర లాక్కున్నాను. కొండలయ్య మొహం మాడ్చుకుని, "గాజుముక్క చెప్పిన మాట మీద యాభై మైళ్ళు పోవాలాండీ?" అన్నాడు. "మిలిటరీలో చదువుకున్నవాడు రాశాడయ్యా" అని కసిరి, ఆ కర్రని గంజి కలపడానికి దొడ్లో పెట్టించాను. మూత ఎవరూ ముట్టుకోకుండా గట్టి బందోబస్తు చేశాను. మొన్న సోమవారం ఇరవై మూటలు వేసుకుని, సంజీవరావు గారి ముందు నా ప్రతాపం చూపిద్దామని నేనే ముందుసీట్లో కూర్చున్నాను.

పామర్రు చేరకముందే ఆగింది. ఉయ్యూరు ముందు ఇంకోసారి ఆగింది. కంకిపాడు ముందు మూడోసారి ఆగి, ఇక లేవనంది. ఇదివరకు వారానికొకసారి దగ్గేది, ఇప్పుడు పదిహేను మైళ్ళకొకసారి ప్రాణం విడుస్తోంది. కొండలయ్య హ్యాండిలు తిప్పీ తిప్పీ భుజం పట్టేసి, "ఒక్కసారి మూత తీసి చూస్తానమ్మగారూ" అని బతిమాలాడు. "ముల్లు సగముందని చెబుతోంటే ఇంకా చూసేదేమిటి" అని కేకలేశాను. ఆ ముల్లు నిక్కచ్చి మనిషిరా నాయనా. బండి ఎందుకు ఆగిందో చెప్పదు గాని, ఎంత పెట్రోలుతో ఆగిందో మాత్రం చెబుతుంది.

చివరికి చెరుకు తోలుకెళ్ళే రైతు దయతలచి ఎడ్లు కట్టాడు. కంకిపాడు బజారంతా నవ్వుతుంటే, నీలంరంగు ఏనుగుని రెండెడ్లు లాగుతుంటే, లోపల నేను చౌడమ్మ తల్లి పక్కన కూర్చుని ఊరేగాను. ఒక ముసలమ్మ హారతి కూడా ఇవ్వబోయింది.

రోగం ఒకటైతే మందు ఒకటి వేశావు. దసరా ఇంకా నెల పైన ఉంది కాబట్టి ఊరుకుంటున్నాను.

గౌరి చెంగుచెంగున గెంతుతోంది. ఇంట్లో కదిలేది అదొక్కటే.

నడుం పట్టేసిన,
హనుమాయమ్మ


జబల్పూరు,
6-9-1946

అత్తయ్య పాదాలకి దూరం నుంచే దణ్ణం. దగ్గరుంటే చెవి మెలిపెట్టేదానివి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మా హవల్దారుకి హిందీలో చెప్పి వినిపించాను. ముసలమ్మ హారతి దగ్గర అతను నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు గాని, కారణం అతనికీ తోచలేదు.

దుమ్ము కాదు, గిన్నె శుభ్రంగా ఉంది. ఆయిలుంది. పెట్రోలుంది. అయినా ఇంజను దాహంతో చచ్చినట్టు దగ్గి చస్తోంది. ఇక మిగిలింది ఒక్కటే, రాయడానికి మనసొప్పడం లేదు. పెట్రోలు కూపన్ల మీద వచ్చే ఈ రోజుల్లో డ్రైవర్లు కొందరు ట్యాంకులోంచి నాలుగు సీసాలు తోడుకుని, బదులు కిరసనాయిలు కలుపుతారు. అలా కలిపితే ఇంజను సరిగ్గా ఇలాగే చస్తుంది. కర్ర లాక్కున్నందుకు కోపంతో కొండలయ్య కావాలని చేస్తున్నాడేమో కూడా తెలియదు. మూత తీసి చూస్తానని అంత ఆత్రం దేనికి? నెమ్మదిగా కనుక్కో. నెమ్మదిగా అన్నానత్తయ్యా, నీ పద్ధతిలో కాదు.

ఇంకొక్క సంగతి మరిచిపోకుండా రాయి. ఆగిన బండి మళ్ళీ కదిలింది ఏం చేస్తే? ఇదివరకు ఏం చేసేవారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు? పనికిరాదనుకున్నది కూడా రాయి.

నిద్రలో కూడా హ్యాండిలు తిప్పుతున్న,
మల్లేశు


పెడన,
14-9-1946

ఒరేయ్ మల్లేశూ,

దీవెనలు చివర్లో ఇస్తాను, ముందు చివాట్లు.

నెమ్మదిగానే అడిగాను. వాకిట్లో నిలబెట్టి, "కొండలయ్యా, పెట్రోల్లో కిరసనాయిలు కలుపుతున్నావా?" అన్నాను. ఇంతకంటే నెమ్మదిగా ఎలా అడుగుతారో నాకు తెలియదు. అతను అరవలేదు, ఒట్లు పెట్టలేదు. బండి తాళం తీసి అరుగు మీద పెట్టాడు. "అమ్మగారూ, నేను మూత తీసి కర్ర ముంచిన ప్రతిసారీ బండి కదిలిందండి. మూత బిగించి ఉంచిన కాడి నుంచే మూలబడింది. నేను దొంగనైతే నా చేతిలో నడిచి మీ చేతిలో ఎందుకు ఆగుద్దండీ?" అని, చెప్పులు వేసుకుని గిలకలదిండి వెళ్ళిపోయాడు. కర్ర ముంచితే బండి నడుస్తుందట, విన్నావా ఈ విడ్డూరం! కాని అబ్బాయ్, ఆ మాట దొంగ మాటలా లేదు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

గుడివాడ నుంచి కృపానందం అని ఇంకో డ్రైవర్ని పిలిపించాను. పెద్దగా మీసాలున్నాయి. ఊరు దాటి పది మైళ్ళు వెళ్ళేసరికి బండి ఆగింది, మీసాలు దిగాయి. "ఈ బండికి ఎవరో చేతబడి చేశారండీ" అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

నువ్వడిగినవి రాస్తాను. ఆగిన బండి మళ్ళీ ఎలా కదులుతుందంటే, ఊరికే ఒక గంట వదిలేస్తే దానంతటదే కదులుతుంది. ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. ఇదివరకు ఆగినప్పుడు కొండలయ్య ఎప్పటిలా కర్ర ముంచి చూసి, ఎక్కి తిప్పితే వెంటనే లేచేది. ఇప్పుడు కర్ర లేదు, గంట కాచుకోవాలి. ఇంతకంటే తేడా ఏమీ లేదు.

ఇంత దరిద్రంలోనూ ఒక్క మెప్పు దక్కింది. చీరలకి పెట్రోలు వాసన మచ్చుకైనా లేదని సంజీవరావు గారు మెచ్చుకుని కబురు పెట్టాడు. అది నా పనితనం. పడుగుకి పెట్టే గంజిలో మైనం కరిగించి, నాలుగు మడతల గుడ్డని ముంచి ఆరబెట్టి, ట్యాంకు మూత మీదా చుట్టూతా బిర్రుగా చుట్టి కట్టాను. మొదట్లో వదులుగా కడితే కొండలయ్య కర్ర కోసం ఊరూరా విప్పేసేవాడు. నువ్వు మూత ముట్టుకోవద్దన్నాక, ఎవరూ విప్పలేకుండా మగ్గం ముడి వేశాను. వాసన కాదు కదా, చీమ కూడా దూరదు. మిలిటరీ వాళ్ళకి నేర్పనా చెప్పు?

గల్లాపెట్టె ముందు నువ్వు కూర్చోవడానికి బూరుగుదూది పరుపు కుట్టిస్తున్నాను. గళ్ళ గలీబు బాగుంటుందా, చారలదా?

ఇవిగో దీవెనలు.

హనుమాయమ్మ


జబల్పూరు,
21-9-1946

అత్తయ్యకి,

నమస్కారం పెట్టి, కుర్చీ తెచ్చి వేసి, నువ్వు కూర్చున్నాక చెబుతున్నాను. కోప్పడనని మాటిస్తేనే ముందుకి చదువు.

నీ ఉత్తరంలో "చీమ కూడా దూరదు" అన్న చోట నేను గట్టిగా కేకవేశాను. పంజాబీ అతను ఇంట్లో ఎవరో పోయారనుకుని వచ్చి నా భుజం తట్టాడు.

కిరసనాయిలు డబ్బాకి కొట్టువాడు రెండు చిల్లులెందుకు పొడుస్తాడు? ఒక్కటే పొడిస్తే బుడుగు బుడుగుమని నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది. రెండో చిల్లులోంచి గాలి పోతేనే ఇందులోంచి నూనె వస్తుంది. బండి ట్యాంకూ అంతే. మూత మీద సూదిబెజ్జమంత చిల్లు ఉంటుంది, పెట్రోలు వెళ్ళేకొద్దీ గాలి అందులోంచి లోపలికి పోవాలి. పోకపోతే పంపు ఎంత లాగినా చుక్క రాదు, ఇంజను పెట్రోలు మధ్యలో కూర్చుని దాహంతో చస్తుంది. గంట ఆగితే గాలి ఏ సందులోంచో కాస్త చేరుతుంది, మళ్ళీ కదులుతుంది.

ఆ చిల్లు మీద ఇప్పుడేముందో నీకు తెలుసు.

కొండలయ్యది చాదస్తం కాదత్తయ్యా. ఊరూరా మూత తీసి కర్ర ముంచినప్పుడల్లా, అతనికే తెలియకుండా ట్యాంకుకి ఊపిరి పోస్తూ వచ్చాడు. బండి నడిచిందంటే ఆ కర్ర చలవే. ముల్లు బాగుచేసి, ఆ కర్ర లాగేయించి, మూత ముట్టుకోవద్దని రాసింది ఎవరు? నేను. బిర్రుగా కట్టింది నువ్వు, మూత విప్పొద్దన్నది నేను. తిలాపాపం తలా పిడికెడు. నిజమంతా చెప్పిన మనిషిని మాత్రం దొంగన్నాం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని సంతంతా వెతికాం.

పందెం తరవాత సంగతి. ముందు కొండలయ్యని పిలు. ఈ ఉత్తరంతో పాటు అతనికి వేరే కాగితం రాసి పెట్టాను, చదివి వినిపించు. "చూడకుండా మాట అన్నాను, నా చెంప నేనే వేసుకుంటున్నాను, నవంబరులో వచ్చాక నీ ఎదురుగా మళ్ళీ వేసుకుంటాను" అని రాశాను. అతను రానంటే మాత్రం దసరా బండి నడపొద్దు. పందెం ఓడిపోయినట్టే లెక్క, నేను కొట్లో కూర్చుంటాను.

గలీబు చారలదే కుట్టించు. అవసరం పడకపోతే బాగుణ్ణు.

తప్పులో సగం వాటాదారు,
మల్లేశు


పెడన,
7-10-1946

నా తండ్రి మల్లేశుకి, ఈసారి దీవెనలు ముందూ వెనకా రెండుచోట్లా.

నీ ఉత్తరం చదివి మడిచి బొడ్లో దోపుకున్నాను. తరవాత లేచి బండి దగ్గరికెళ్ళి, నేను వేసిన మగ్గం ముడి నేనే విప్పాను. గుడ్డ ఊడి మూత కాస్త కదిలిందో లేదో, ట్యాంకు ఉస్సురని గాలి పీల్చిందిరా! మూత మీద సూదిబెజ్జం ఉంది, దాన్నిండా నా మైనం ఉంది. పిన్నీసు పెట్టి తీశాను.

ఆ సాయంత్రమే ఎడ్లబండి కట్టించుకుని గిలకలదిండి వెళ్ళాను. కొండలయ్య ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు గాని రండనలేదు. నీ కాగితం చదివి వినిపించాను. మెత్తబడలేదు. నా వంతు వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నేనెవరికీ తప్పైందని చెప్పిన పాపాన పోలేదు, ఎలా చెప్పాలో తెలియలేదు. దొడ్లోంచి తెచ్చిన కర్ర చాపి, "నువ్వే బండి నడిపావు కొండలయ్యా, నేనే ఆపాను, మాట కూడా నేనే జారాను" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇసక పడిందిలే అనుకో.

వాళ్ళమ్మ పేరమ్మ చేపలు ఆరబోస్తూ అన్నీ వింది. "అంత పెద్దావిడ ఇల్లు ఎతుక్కుంటా వచ్చి ఒప్పుకుంది, ఇంకా ఏం ముహూర్తం చూస్తన్నావురా, పో" అంది. కొండలయ్య కర్ర తీసుకుని, తడిమి, "గంజి కలిపినట్టున్నారు, చేతికి జిగురంటుకుంటందండీ" అన్నాడు. అప్పుడు నవ్వాడు.

మహర్నవమికి రెండు రోజుల ముందు బయల్దేరాం. ముప్ఫై మూటల చీరలు, వాటికీ ట్యాంకుకీ మధ్య తాటాకు చాపలు రెండు వరసలు. ముందుసీట్లో నేను, కొండలయ్య, మధ్యలో కర్ర. చౌడమ్మ తల్లి జానెడు పక్కకి జరిగి కూర్చుంది. పామర్రు దాటింది. నేను ఊపిరి బిగబట్టాను. ఉయ్యూరు దాటింది. కంకిపాడు బజారులో నేను తల బయటపెట్టి అందరికీ కనిపించేలా కూర్చున్నాను. హారతి ఇవ్వబోయిన ముసలమ్మ మేం ఆగుతామేమోనని లేచి నిలబడింది. ఆగలేదు! పోరంకి, పటమట, గవర్నర్‌పేట, సంజీవరావు గారి గుమ్మం. ఒక్క దగ్గు లేదు. కొండలయ్య దిగి ముందు కర్ర ముంచాడు, తరవాత ముల్లు చూశాడు, మళ్ళీ కర్ర చూశాడు. "రెండూ ఒకే మాట చెబుతున్నాయండి" అన్నాడు. ఇక నుంచి రెండూ ఉంటాయి. అది నా ఆజ్ఞ.

పందెం నువ్వు గెలిచావు. చారల పరుపు కొండలయ్య సీటు మీద వేయించాను.

ఒక్క సంగతి రాసి ముగిస్తాను, చదివి నవ్వకు. నువ్వు యుద్ధానికి వెళ్ళిన నాలుగేళ్ళూ తపాలా బంట్రోతు వీధి మలుపు తిరిగితే చాలు, ఏ పాడుకబురు తెచ్చాడోనని తలుపు చాటుకి పోయేదాన్ని. అందుకని, వచ్చాక నిన్ను గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టుకుంటే రోజూ కళ్ళ ఎదుటే ఉంటావనుకున్నాను. కొట్టుకి మనిషి కావాలని కాదు. ఆ ట్యాంకు ఉస్సురన్నప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. చీరలు పాడవకూడదనే కట్టాను, నిన్నూ అందుకే కట్టబోయాను. మరీ బిర్రుగా కట్టానురా.

షెడ్డుకి పటమటలో స్థలం చూసి వచ్చాను. రోడ్డు పక్కనే ఉంది, బావి ఉంది, ముందు పెద్ద చింతచెట్టుంది. కొండలయ్యకీ నచ్చింది. పటమట నుంచి పెడన ఎంత, యాభై మైళ్ళ లోపే. ప్రతి శనివారం మన బండి ఎక్కి వచ్చి భోంచేసి వెళ్ళు. దారిలో పెట్రోలు అయిపోయి ఆగిపోయానని మాత్రం కబురు చెయ్యకు. బయల్దేరేటప్పుడు ఎంతుందో కొండలయ్యని కర్ర వేసి చూసి చెప్పమంటాను. ముల్లు చూడటం నాకూ వచ్చేసింది.

దారి చూస్తూ,
నీ అత్త
హనుమాయమ్మ